మా పెరటి నాగమ్మ

నరసరావుపేట అనగానే మీకేం గుర్తొస్తుంది? కోటప్పకొండ తిరునాళ్ళు, ఆకాశాన్నంటే ప్రభలు, పత్తి, మిర్చి, కాస్తంత పౌరుషం! కేకు మాత్రం చచ్చినా గుర్తు రాదు. తేనెటీగలు అసలే రావు. కానీ మా ఇంట్లో ఆ రెండూ ఒకే ఏడాది కాపురం పెట్టాయి. ఇది 1985 నాటి మాట.

ముందు కేకు సంగతి చెబుతాను. మా ఆవిడది గుంటూరు. కాన్వెంటులో చదువుకునే రోజుల్లో ఓ టీచరమ్మ దగ్గర కేకు చేయడం నేర్చుకుందిట. మా అమ్మాయి మూడో పుట్టినరోజుకి ఆ విద్య బయటికి తీసింది. ఓవెను ఎక్కణ్ణించి వస్తుంది? ప్రెషర్ కుక్కర్లో ఇసుక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, అందులో గిన్నె పెట్టి కిరసనాయిలు స్టవ్వు మీదికెక్కించింది. గంట తర్వాత మూత తీస్తే అడుగున బొగ్గు, పైన జావ!

మా అమ్మ వాకిట్లో కూర్చుని ఇదంతా చూస్తోంది.

"దిబ్బరొట్టె కాల్చడం రాని వాళ్ళు కనిపెట్టినట్టుంది ఈ వంట. పైన నిప్పులు లేకుండా ఏ రొట్టె పొంగుతుందే అమ్మాయ్?" అంది.

అని ఊరుకోలేదు. అటక మీది ఇత్తడి గిన్నె దింపించింది. కుంపటి రాజేసి, గిన్నె కింద సన్నని సెగ పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు పరిచింది. ఆ వేళ మా వీధి వీధంతా కమ్మటి వాసన. ఇంగ్లీషు వాళ్ళ కేకు పల్నాటి దిబ్బరొట్టె గిన్నెలో పొంగింది. అత్తాకోడళ్ళ మధ్య అంతవరకూ ఉన్న చిన్న చిన్న పేచీలు కూడా ఆ కుంపట్లోనే కాలిపోయాయని నా నమ్మకం.

ఇక తేనెటీగలు నా నిర్వాకం. ఖాదీ గ్రామోద్యోగం వాళ్ళు పెంపకం నేర్పుతున్నారంటే వెళ్ళి నేర్చుకున్నాను. కొండ రాళ్ళకూ పెద్ద చెట్లకూ బారెడు పట్టు పెట్టే పెద్ద ఈగ పెట్టెలో ఉండదు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, చీకట్లో కాపురం చేసే చిన్న ఈగే పెట్టెకు లొంగుతుంది. ఆ ఈగకు సరిపోయేట్టు తిరుచిరాపల్లిలో న్యూటన్ అనే ఫాదరు 1910 దాటాక ఓ పెట్టె తయారుచేశాడు. నేను తెచ్చింది ఆ రకందే. కింది అరలో ఏడు చెక్క చట్రాలు, అది పిల్లల గది. పై అర తేనె కొట్టు. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ చిప్పలు పెట్టి, పెరట్లో మునగచెట్టు నీడన నిలబెట్టాను.

మా అన్నయ్య వచ్చి చూశాడు. ఆయనకి సినిమా పిచ్చి. 1966లో 'పల్నాటి యుద్ధం' వచ్చినప్పుడు ఎడ్లబండి కట్టుకొచ్చి మరీ ఎన్నిసార్లు చూశాడో ఆయనకే తెలియదు. రామారావు గారి బ్రహ్మనాయుడు, భానుమతి గారి నాగమ్మ! పెట్టెలో రాణి ఈగను చూపించగానే "ఇంకేం, నాగమ్మే!" అన్నాడు. అంతే, మా ఇంటిల్లిపాదికీ అది నాగమ్మ అయిపోయింది.

నిజానికి అది పేరుకే రాణి. హుకుం చేయదు, బయటికి పోదు. పొద్దస్తమానం గుడ్లు పెట్టడమే దాని ఉద్యోగం. ఇల్లు ఊడ్చేదీ, పిల్లల్ని సాకేదీ, తేనె తెచ్చేదీ అంతా కూలి ఈగలే. అవీ ఆడవే! మగ ఈగలు తిని కూర్చుంటాయి. ఈ మాట చెప్పినప్పుడు మా ఆవిడ నావంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

మొదటిసారి తీసిన తేనె కిలోన్నర. చట్రాన్ని డ్రమ్ములో పెట్టి పిడి తిప్పితే తేనె చిమ్మి గోడలకి కొట్టుకుని కిందికి జారుతుంది. పట్టు చెక్కుచెదరదు. ఈగలు మళ్ళీ అందులోనే నింపుకుంటాయి. ఆ తేనెతో కేకు చేస్తానంది మా ఆవిడ. అమ్మ ఒప్పుకోలేదు.

"కాచిన తేనె విషమంటారే! పెద్దల మాట ఊరికే పోదు" అంది.

రెండ్రోజులు తర్జనభర్జన జరిగింది. చివరికి మనవరాలు అడిగితే నాయనమ్మే మెత్తబడింది. తేనె కేకు పంచదార కేకుకన్నా తొందరగా నల్లబడుతుందని మొదటి వాయిలోనే తెలిసొచ్చింది. రెండో వాయికి పైన నిప్పులు తగ్గించి, తేనె పులుపుకి విరుగుడుగా చిటికెడు వంటసోడా వేశారు. రంగు చూస్తే మన కుంకుడుకాయ, రుచి చూస్తే అమృతం! విషమన్న మనిషే రెండు ముక్కలు అడిగి తింది.

ఇక్కడివరకూ నవ్వుతూ చదివారు కదూ! ఇకమీద చెప్పేది నవ్వుతాలు కాదు.

1987. పల్నాట పత్తి వేసిన వాళ్ళకి ఆ సంవత్సరం గుర్తు చేయక్కర్లేదు. తెల్లదోమ కమ్ముకుంది. ఒక మందుకు చావకపోతే ఇంకో మందు, అదీ కాకపోతే రెండూ కలిపి. కొట్టిన కొద్దీ దోమ పెరిగింది, అప్పు పెరిగింది. మా అన్నయ్య కౌలుకి చేసే చేను మా ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. ఆయనకి ఊళ్ళో తిరిగే తీరిక లేక, మందు డబ్బాలు కొట్టులో కొని సైకిల్ మీద అందించేది నేనే.

ఓ ఉదయం పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వెళ్ళాను. పెట్టె ముందు నేలంతా నల్లగా ఉంది. చీమలేమో అనుకున్నా. వంగి చూస్తే ఈగలు. నాలుకలు బయటపెట్టి, గుప్పెళ్ళకొద్దీ చచ్చిపడి ఉన్నాయి. కొన్ని ఇంకా గిలగిల కొట్టుకుంటున్నాయి. ముందురోజు పొద్దున అన్నయ్య మందు కొట్టాడు. పత్తిపూలు విచ్చుకునే వేళ, ఈగలు పూల మీద వాలే వేళ. ఆ మందు నేను తెచ్చి ఇచ్చిందే.

ఎవరినని తిట్టను? అన్నయ్యని తిడదామంటే ఆయన చేను ఆయనకన్నా ముందు పోయేట్టుంది. నన్ను నేను తిట్టుకుని ఊరుకున్నాను. పెట్టె తెరిస్తే నాగమ్మ బతికే ఉంది, చుట్టూ గుప్పెడు పిల్ల ఈగలు. తేనె తెచ్చేవాళ్ళు లేరు. అమ్మే పంచదార నీళ్ళలో కరిగించి చిప్పలో పోసి లోపల పెట్టింది. "తల్లి ఉంది కదరా, సంసారం నిలబడుతుందిలే" అంది.

ఆ వారంలోనే మా వదిన వచ్చింది. మా ఆవిడను పక్కకి పిలిచి చెప్పింది. అన్నయ్య రాత్రిళ్ళు పడుకోవడం లేదుట. మంచం మీద లేచి కూర్చుని చూరు కింద పెట్టిన డబ్బా వైపే చూస్తుంటాడుట. అప్పుల వాళ్ళు ఇంటికి రావడం మొదలైందిట. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకుంటున్నారని పేపర్లలో రోజూ చదువుతున్నాం.

ఆ రాత్రి మా ఆవిడ అంది: "ఆ డబ్బాలు మనింటికి తెచ్చేయండి."

"ఏమని చెప్పి?"

"ఈగల కోసమని చెప్పండి."

మర్నాడే వెళ్ళాను. "అన్నయ్యా, నా ఈగలు సగానికి పైగా పోయాయి. ఇకనుంచి మందు మా ఇంట్లో ఉంటుంది. ఈగలు గూటికి చేరాక సాయంత్రం వచ్చి కావలసినంత పట్టుకెళ్ళు, మిగిలింది మళ్ళీ తెచ్చివ్వు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి "సరే తీసుకెళ్ళు" అన్నాడు. డబ్బాలు తెచ్చి, పిల్ల చేతికి అందకుండా పెరటి కొట్టు గదిలో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి అమ్మ బొడ్లో!

మా ఇంటికి దగ్గర్లో టూరింగ్ టాకీస్ ఉండేది. మొదటాటకి ముందు మైకులో ఘంటసాల గారి భక్తి పాట వేసేవాళ్ళు. అదే మా గడియారం. పాట వినబడితే ఈగలు గూటికి చేరినట్టు, అన్నయ్య గుమ్మంలోకి వచ్చినట్టు. వచ్చిన మనిషి ఊరికే పోకూడదని మా ఆవిడ ఏదో ఒకటి చేసి ఉంచేది. తేనె లేదు కనక బెల్లంతో కేకు. "బావగారూ, ఇది తిని చెప్పండి, ఇవాళ సరిగ్గా పొంగిందా?" ఆయన తినేవాడు. అమ్మ పక్కన కూర్చుని ఏవో పాత సంగతులు ఎత్తేది. ఆ తర్వాతే తాళం తీసేది.

ఆ ఏడు పంట పోయింది. అన్నయ్య పోలేదు. వదిన గాజులు పోయాయి, మా ఆవిడ గొలుసు పోయింది. అవి మళ్ళీ వచ్చాయి.

మర్నాటి ఏటికి పెట్టె నిండింది. ఈగల రొద పెరిగింది. 1992లో దక్షిణ దేశమంతా పురుగు దశలోనే ఈగ పిల్లల్ని చంపే జబ్బు పాకింది. మా నాగమ్మ వంశం దాంతో అంతరించింది. అమ్మ కూడా కొన్నాళ్ళకి వెళ్ళిపోయింది.

పెద్దతనంలో ఓసారి అన్నయ్యే కదిపాడు.

"ఒరేయ్, ఈగల కోసమే అయితే మందు కొట్టే వేళ మార్చుకోమంటే చాలదురా? డబ్బాలు మీ ఇంట్లో ఎందుకురా?"

నేను మాట్లాడలేదు.

"నాకు ఆనాడే తెలుసులే. తెలిసే రోజూ వచ్చేవాణ్ణి" అన్నాడు.

2022లో నరసరావుపేట పల్నాడు జిల్లాకి ముఖ్య పట్టణమైంది. వీధికో బేకరీ ఉంది. ఇంట్లో ఓవెనూ ఉంది. అయినా మనవరాలి పుట్టినరోజంటే మా ఆవిడ ఆ ఇత్తడి గిన్నే దింపుతుంది. మొదటి ముక్క అన్నయ్య ఇంటికి పంపుతుంది. ఆయన పోయాక వదినకి పంపుతోంది.

తేనె మాత్రం ఇప్పుడు కొంటున్నాం. కేకు కమ్మగానే ఉంటుంది. మూత మీద నిప్పులు పరిచేటప్పుడు మాత్రం మా ఆవిడ ఒకసారి పెరటి వైపు చూస్తుంది.