తుప్పు కంటే తళుకే ప్రమాదం

పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ చేతికిస్తే కొత్తగా చేరిన కుర్రాళ్లు బోల్టు లాగి బ్యారెల్‌లోకి తొంగిచూస్తారు. నేను ముందు బట్ సాకెట్ చూస్తాను. వెనక కట్టె మొదలయ్యే చోట, బోల్టు పిడి కింద ఉండే ఇనుప భాగం అది. కిరీటం గుర్తు, రాజుగారి పొడి అక్షరాలు, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు, తయారైన సంవత్సరం, మోడల్ నంబరు అన్నీ అక్కడే కొట్టి ఉంటాయి. ఆ అక్షరాల అంచులు వేలికి పదునుగా తగిలితే ఆ తుపాకీ మంచి చేతుల్లో పెరిగిందన్నమాట. వేలు నున్నగా జారిపోతే ఎవరో ఎమరీ పేపర్ పెట్టి రుద్దారు.

జిల్లా సాయుధ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా నా ఉద్యోగమంతా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే గడిచింది. ఆయుధాలు భద్రపరిచే గదికి మా డిపార్ట్‌మెంటులో ఇప్పటికీ ఆ పేరే. నా బల్ల మీదకి వచ్చినవాటిలో ఎక్కువ భాగం .303 నంబర్ 1 మార్క్ 3 స్టార్లు, అవే మార్చి ఒక్కో తూటా పేలేలా చేసిన .410 మస్కెట్లు, 1962 చైనా యుద్ధం తర్వాత 7.62 తూటా కోసం ఇషాపూర్‌లో తయారైన 2ఏ1లు. మూడింటికీ రోగాలు దాదాపు ఒకటే.

తుపాకీ మీది నలుపును రంగనుకుంటారు చాలామంది. నిజానికి అదీ ఒకరకం తుప్పే. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా లేచి లోపలి ఇనుమును తింటూ పోతుంది. ఈ నల్ల ఆక్సైడు మాత్రం ఉక్కును గట్టిగా అంటిపెట్టుకుని అక్కడే ఆగుతుంది. మందం ఎంతనుకున్నారు? మిల్లీమీటరులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు. అంత పల్చటి పొర ఒంటరిగా తేమను ఆపలేదు. అది నూనెను పట్టి ఉంచుతుంది, ఆపేది ఆ నూనె. మన ఇళ్లలో దోసెల పెనం సంగతీ ఇంతే. నల్లగా, జిడ్డుగా ఉన్నంతకాలం పెనం బాగుంటుంది, తెల్లగా మెరిసేలా తోమితే మర్నాటికే తుప్పు.

ఈ నలుపు ఎక్కించడానికి పాత పద్ధతి ఒకటుంది. ఉక్కును జిడ్డు లేకుండా కడిగి, ఆమ్లం కలిసిన ద్రావణం పూసి, తేమలో ఉంచి సన్నగా తుప్పు పట్టనిస్తారు. తర్వాత నీళ్లలో మరిగిస్తే ఎర్రది నల్లబడుతుంది. పైపొడిని మెత్తటి తీగ బ్రష్షుతో దులిపి, మళ్లీ పూసి, మళ్లీ మరిగిస్తారు. రోజుల పని. ఇప్పటి వర్క్‌షాపుల్లో కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన తొట్టిలో, 140 డిగ్రీల దగ్గర మరిగే ద్రావణంలో ముంచితే గంటలోపే అయిపోతుంది. దాంట్లో అల్యూమినియం ముక్క పడితే కరిగిపోతుంది. నీళ్లు ఒక్కసారిగా పోస్తే ముఖం మీదకి చిమ్ముతుంది. నాకైతే పాత పద్ధతిలో వచ్చే నలుపే ఇష్టం. లోతుగా ఉంటుంది, మెరుపు తక్కువ. ఇషాపూర్‌లో మరమ్మతైన రైఫిళ్లు కొన్నింటి మీద నల్ల ఎనామిల్ పెయింటు కూడా ఉంటుంది. అది చూడ్డానికి మొరటే గానీ సముద్రపు గాలికి బాగా తట్టుకుంటుంది, పెచ్చు లేవనంతవరకు. పెచ్చు లేచిందంటే తుప్పు దాని కిందుగా పాకుతుంది.

కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో శత్రువు గాలిలోనే ఉంటుంది. కంటికి కనిపించే తుప్పుతో నాకు భయం లేదు. ఈ రైఫిలుకు బ్యారెల్ మూతి దాకా కట్టె తొడుగు ఉంటుంది. వానలో బందోబస్తు చేసి వచ్చాక పైన తుడిచి ర్యాకులో పెట్టేస్తారు. లోపలికి దిగిన నీరు బ్యారెల్‌కీ కట్టెకీ మధ్య నిలిచి, ఏళ్ల తరబడి కనిపించకుండా తింటుంది. అందుకే ముందు కట్టె విప్పి చూడాలి. దానికో వరుస ఉంది. ముందు కట్టె తీయకుండా వెనక బట్‌ను విప్పబోతే, బట్ బోల్టు చివరి చదరపు కొస తిరిగి ముందు కట్టె చీలిపోతుంది. ఆ వరుస తెలియనివాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకోకపోవడమే మంచిది.

ఎర్ర మచ్చ కనిపిస్తే నా మందు కిరోసిన్, ఓపిక. రాత్రంతా తడిపి ఉంచి, మర్నాడు పాత కంచు పైసా అంచుతో మెల్లగా గీకుతాను. కంచు ఉక్కు కంటే మెత్తన, గీత పడదు. మిగిలినదానికి అన్నిటికంటే సన్నరకం స్టీల్ ఊల్, నూనెతో తడిపి. ఎరుపు పోతుంది, నలుపు ఉంటుంది.

పాత .303 తూటాలు పేల్చాక మరో గొడవ. వాటి ప్రైమరులోని పొటాషియం క్లోరేటు పేలగానే క్లోరైడు ఉప్పుగా మారి బ్యారెల్‌లో మిగులుతుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. ఉప్పు నూనెలో కరగదు. ఎంత నూనె పట్టించినా దాని కింద ఉప్పు అలాగే ఉంటుంది. మరిగే నీళ్లు పోయడమే దారి. ఆ వేడికి బ్యారెల్ దానంతటదే ఆరుతుంది. తర్వాత పుల్‌త్రూకి, అంటే బ్యారెల్‌లోంచి లాగే తాడుకి, నాలుగంగుళాలకి రెండంగుళాల పొడి చిందీ (గుడ్డముక్క), ఆపైన ఒకటిన్నర వెడల్పు నూనె చిందీ.

ఇక మనుషులు చేసే నష్టం. బట్ అడుగున ఇత్తడి పలక ఉంటుంది. ఇంట్లో చెంబులు తోమిన అలవాటుతో కానిస్టేబుళ్లు దానికి చింతపండు పట్టిస్తారు. ఇత్తడి మెరుస్తుంది నిజమే, కానీ పులుపు పక్కనున్న ఉక్కు స్క్రూల మీదకి దిగి నలుపును తినేస్తుంది. దసరాకి ఆయుధ పూజ మరొకటి. తడి పసుపు బ్యారెల్‌కి పూసి, బొట్లు పెట్టి, కొబ్బరినీళ్లు చిలకరించి రెండు రోజులు అలాగే వదిలేస్తారు. భక్తికి నేను అడ్డు కాదు. "బొట్టు కట్టెకి పెట్టండి నాయనా, అమ్మవారు ఏమీ అనుకోదు" అని చెప్పేవాణ్ణి. కొందరు వినేవారు.

వీటన్నిటినీ మించింది ఇన్‌స్పెక్షన్. పై అధికారి వస్తున్నారంటే తుపాకులు తళతళలాడాలి. ఒకాయన బోల్టులన్నీ వెండిలా కనిపించాలని హుకుం జారీ చేశారు. బ్రాసో, ఎమరీ పేపర్ వచ్చాయి. ముప్పాతిక శతాబ్దం నిలిచిన నలుపు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఆయనకు మంచి రిమార్కు వచ్చింది, మాకు ఆ వానాకాలమంతా తుప్పు గీకే పని వచ్చింది. డ్యూటీలో ఉన్న తుపాకీకి నలుపు పోతే మళ్లీ ఎక్కించాలి, తప్పదు. ప్రదర్శనకు పెట్టే పాతదానికి మాత్రం ఎక్కించకూడదు. వెలిసిన నలుపు, మోసినవాళ్ల చేతులకి అరిగిన చోట్లు, ముద్రలు కలిస్తేనే దాని చరిత్ర.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ పరేడ్‌తో .303కి వీడ్కోలు చెప్పారు. మిగతాచోట్లా అవి మెల్లగా మూలకి చేరుతున్నాయి. సైన్యం వాడిన తూటా కాబట్టి .303ని మామూలు జనానికి ఇవ్వరు. కానీ అదే బోల్టు పద్ధతిలో ఇషాపూర్ చేసిన .315 రైఫిళ్లు లైసెన్సు మీద చాలా ఇళ్లలో ఉన్నాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే తోలు సంచిలో దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మూతికి బిరడా పెట్టకండి. ముట్టుకున్న ప్రతిసారీ చేతి చెమట తుడిచి, పల్చగా నూనె గుడ్డ పట్టించండి. నూనె ఎక్కువైతే కట్టెలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. ఎమరీ పేపర్ తెచ్చే చుట్టం ఎవరైనా వస్తే, తుపాకీ బీరువా తాళం ఆయనకి కనపడనీయకండి.