నెమలి నుంచి హంసలదీవికి

నెమలిలో ఉన్నది వేణుగోపాలస్వామి. హంసలదీవిలో ఉన్నదీ ఆయనే. ఈ రెండు గుళ్ల మధ్యే పాత కృష్ణా జిల్లా దాదాపు మొత్తం పట్టేస్తుంది. పైన తెలంగాణ సరిహద్దు మెట్ట, కింద సముద్రం. నీళ్ల దారీ ఇదే. నెమలి ఉన్న గంపలగూడెం మండలంలో పారే కట్టలేరు చివరికి మున్నేరుకు చేరుతుంది, మున్నేరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ దివిసీమ కొసన బంగాళాఖాతంలో పడుతుంది. మాఘమాసంలో నేనూ అటే బయల్దేరాను, బస్సులో.

తిరువూరు నుంచి మైలవరం మీదుగా విజయవాడ దాకా మామిడితోటలు పూత మీదున్నాయి. ఆ పైన పామర్రు, చల్లపల్లి, మోపిదేవి. వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా అల్లుకుంది. రాత్రికి అవనిగడ్డలో ఆగి, తెల్లవారక ముందే ఆటో మాట్లాడుకుని కోడూరు దాటి హంసలదీవి పక్కనున్న పాలకాయతిప్ప చేరాను.

సంగమం వైపు వెళ్లలేదు. మడ చెట్ల పక్కన, అలల జోరు లేని ఓ ఉప్పునీటి పాయలో కాళ్లు పెట్టాను. చీలమండల లోతులో నీళ్లు జిల్లుమన్నాయి. మోకాలి లోతుకు వెళ్తే చలి తగ్గింది. వల సర్దుకుంటున్న పెద్దాయన నన్ను చూసి నవ్వాడు.

"అంచున ఎప్పుడూ ఇంతేనా బాబాయ్?"

"చలికాలం అంతే బాబూ. లోపలికి దిగితే ఎచ్చగుంటది. మజ్జేనం వచ్చి చూడు, తిరగబడుద్ది."

ఆయన చెప్పినదాంట్లోనే విషయమంతా ఉంది. రాత్రిపూట సముద్రం పైనుంచి పోయే వేడి, చదరపు మీటరుకు లెక్కేస్తే, ఒడ్డునా లోపలా ఇంచుమించు ఒకటే. కానీ ఒడ్డున ఆ నష్టాన్ని భరించాల్సింది మీటరు లోతు నీళ్లు, లోపల పది మీటర్లు. సాసర్లో పోసిన టీ గ్లాసులో టీ కంటే ముందు చల్లారినట్టే, లోతు తక్కువ ఉన్నచోట నీళ్లు త్వరగా చల్లబడతాయి. చల్లబడి బరువెక్కిన నీరు నేల వాలు పట్టుకుని లోతుకు జారుతుంది. ఆ ఖాళీలోకి పైపొర నుంచి వెచ్చని నీరు ఒడ్డుకొస్తుంది. పగటి ఎండలో ఇదంతా తలకిందులు: ఒడ్డు నీరు ముందు వేడెక్కి పైపైన లోపలికి పోతుంది, అడుగున చల్లనిది ఒడ్డుకు చేరుతుంది. గాలి, ఆటుపోట్లు నెమ్మదించినప్పుడే ఈ తిరుగుడు బయటపడుతుంది. అవి విజృంభిస్తే దీని ఊసే ఉండదు.

ఇటలీ పక్కనున్న ఉత్తర ఏడ్రియాటిక్‌లో ఇదే పని పెద్ద ఎత్తున జరుగుతుంది. చలికాలంలో బోరా అనే ఈశాన్యపు గాలి అక్కడి లోతు తక్కువ నీటిని చల్లబరిస్తే, ఆ బరువైన నీరు అడుగున దక్షిణానికి పారుతుంది.

మన సముద్రం అంత సూటిగా ఉండదు. ఇక్కడ ఉప్పు అడ్డుపడుతుంది. ఇరవై అయిదు, ముప్పై డిగ్రీల సముద్రపు నీళ్ల మధ్య ఘనమీటరుకు బరువు తేడా దాదాపు కిలోన్నర. లీటరుకు రెండు గ్రాముల ఉప్పు తగ్గినా అంతే తేడా. గంగా బ్రహ్మపుత్రల నుంచి మన గోదావరి కృష్ణల దాకా ఇన్ని నదులు మంచినీళ్లు పోస్తుంటే, పైపొర చల్లబడ్డా ఉప్పు తక్కువై తేలికగానే ఉండిపోతుంది. అందుకే ఉత్తర బంగాళాఖాతంలో చలికాలం చల్లనీరు పైనా, వెచ్చనీరు కిందా కనిపిస్తాయి. వేడినీరెప్పుడూ పైనే అన్న బడి పాఠం ఇక్కడ చెల్లదు.

ఈ తీరపు నీళ్లను పరికరాలతో పట్టి చూడటం 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్‌తో ఊపందుకుంది. అడుగునుంచి చల్లనీరు పైకి ఉబికే తీరును ఆయన వాల్తేరు తీరంలోనే పరిశీలించారు. 1999లో హైదరాబాదులో మొదలైన సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన ఉపరితల ఉష్ణోగ్రతలు, నీటి రంగు చూసి చేపలు దొరకవచ్చనిపించే చోట్లను మత్స్యకారులకు చెబుతోంది. చల్లని, వెచ్చని నీళ్లు కలిసే హద్దుల దగ్గర చేప చేరుతుందన్నదే అందులో కీలకం. సముద్రానికి దూరంగా, హైదరాబాదులో పెట్టారేమిటని కొందరు నవ్వుతారు గానీ, నాకది తప్పనిపించదు. ఉపగ్రహానికి ఏ ఊరైనా ఒకటే.

మధ్యాహ్నం మళ్లీ దిగాను. అంచు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

మీరూ వెళ్లాలనుకుంటే మాఘ పౌర్ణమి తిరునాళ్ల రద్దీ తగ్గాక, గాలి లేని తెల్లవారుజామున వెళ్లండి. స్థానికులను అడిగి పాయ అంచునే కాళ్లు తడుపుకోండి. సంగమం దగ్గర మాత్రం దిగొద్దు, అక్కడి ప్రవాహం మనిషిని లాగేస్తుంది.