నానమ్మ ఫొటో కోసం కంపైలింగ్

నానమ్మ సంవత్సరీకానికి ఇంకా రెండు రోజులుంది. నాన్న ఫోన్ చేసి, "మామిడిచెట్టు కింద నవ్వుతూ ఉంటుంది చూడు, ఆ ఫొటో పంపరా. ఫ్రేమ్ కట్టే అతను రేపు పొద్దున్నే ఇమ్మన్నాడు" అన్నారు. "ఐదు నిమిషాలు నాన్నా" అన్నాను. ఇంటి ఫొటోలన్నీ నా పాత ల్యాప్‌టాప్‌కి తగిలించిన హార్డ్‌డిస్క్‌లోనే ఉంటాయి. ఆన్ చేశాను. డిస్క్ అయితే ఉంది గానీ, అందులో ఏముందో చదవడం ల్యాప్‌టాప్‌కి రావట్లేదు!

అందులో ఉన్నది డెబియన్ లినక్స్. డిస్క్‌ని జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో పెట్టాను. ఫైల్ ఎక్కడైనా పాడైతే కనిపెట్టి చెబుతుందని దానిమీద నాకు గురి. ముందురోజు అప్‌డేట్ చేస్తే కొత్త కెర్నల్ వచ్చింది. దానికి సరిపడే జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ మాత్రం రాలేదు.

బ్రౌజర్, వీడియో ప్లేయర్ లాంటివి ఒక్క కమాండ్‌తో రెడీమేడ్‌గా ఇచ్చే డెబియన్, ఈ మాడ్యూల్‌ని మాత్రం సోర్స్ కోడ్‌గా ఇచ్చి మన మెషీన్‌లోనే కంపైల్ చేయిస్తుంది. కాలేజీ రోజుల్లో ఇలాంటివి చూసి, ప్యాకేజీలు చేసేవాళ్ల బద్ధకం అనుకునేవాణ్ణి. అసలు సంగతి లైసెన్సుల తగువు.

జెడ్‌ఎఫ్‌ఎస్ పుట్టింది సన్ మైక్రోసిస్టమ్స్‌లో. 2005లో దాని కోడ్‌ని సీడీడీఎల్ అనే లైసెన్సు కింద బయటపెట్టారు. లినక్స్ కెర్నల్‌ది జీపీఎల్. నా కోడ్‌తో కలిపి తయారుచేసింది పంచితే మొత్తం నా షరతుల మీదే పంచాలంటుంది జీపీఎల్. నా ఫైళ్లు నా షరతుల మీదే ఉండాలంటుంది సీడీడీఎల్. ఇద్దరూ మంచివాళ్లే, జాతకాలే కలవలేదు.

అయితే ఈ పేచీ అంతా పంచినప్పుడే. మనింట్లో మనం కలుపుకుంటే అడిగేవాళ్లు లేరు. అందుకే డెబియన్ దినుసులిచ్చి, వంట మనకి వదిలేసింది. ఉబుంటు మాత్రం 2016 నుంచి వండిన మాడ్యూల్‌నే ఇస్తోంది. తప్పులేదని వాళ్ల వాదన, ఉల్లంఘనేనని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ వాదన. ఫ్రీబీఎస్‌డీకి ఈ గొడవే లేదు. దాని కెర్నల్ జీపీఎల్ కాదు కాబట్టి జెడ్‌ఎఫ్‌ఎస్ సిస్టమ్‌తోపాటే వచ్చేస్తుంది.

క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్‌ది ఇంకో కథ. దాన్ని రాసిన డేనియల్ బెర్న్‌స్టీన్, మార్పులు చేసిన ప్రోగ్రామ్‌ని తన అనుమతి లేకుండా పంచకూడదన్నారు. 2007లో పబ్లిక్ డొమైన్‌లో పెట్టేదాకా అదే పరిస్థితి.

ఇక నా కేసులో తప్పు నాదే. కంపైల్ అవ్వాలంటే కెర్నల్ హెడర్స్ ఉండాలి. మొదట్లో అప్పటి వెర్షన్‌కి మాత్రమే వేశాను. కెర్నల్‌తోపాటు హెడర్స్ కూడా మారేలా చూసే ప్యాకేజీ ఒకటుంది, దాన్ని పట్టించుకోలేదు. రాత్రి పదకొండున్నరకి కొత్త హెడర్స్ దించి, కంపైలింగ్ మొదలయ్యాక చూస్తూ కూర్చున్నా. పాత కెర్నల్‌తో బూట్ చేస్తే అప్పుడే పనైపోయేది, కంగారులో తట్టలేదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ మిక్సీలా మోగుతోంది. ఈలోగా నాన్న మళ్లీ ఫోన్.

"ఐదు నిమిషాలన్నావు?"

"కంప్యూటర్ ఇంకా వండుతోంది నాన్నా."

"ఏం వండుతోంది?"

చెబుదామనుకుని ఊరుకున్నాను. పన్నెండు దాటాక ఫోల్డర్ తెరుచుకుంది. మామిడిచెట్టు, నానమ్మ, ఆవిడ కొంగు పట్టుకుని నేను. వెంటనే వాట్సాప్‌లో పంపాను. నాన్న ఇంకా పడుకోలేదు.

"బాగుంది. పక్కన నువ్వున్నావు. దండేసే ఫొటో కదా, నిన్ను కత్తిరించేయమంటాను."