పటమట నుండి స్టూవర్టుపురం వరకు

మా అక్క ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె కుమారుడు ప్రార్థన చేయడం మానేశాడు. ఏడు నెలలపాటు మా సంఘమంతా శుక్రవారపు ఉపవాస కూటాలలో ఆమె పేరెత్తి దేవుని వేడుకొంది. జబ్బు నయం కాలేదు. సమాధి దగ్గర అందరూ తలలు వంచినప్పుడు వాడొక్కడే తలెత్తి నిలబడ్డాడు. ఆనాటి నుండి మందిరపు గడప తొక్కలేదు.

అయినా మంచాన పడిన మా అమ్మకు ఒళ్ళు తుడిచేది వాడే. వేళకు మందు మింగించేది వాడే. చూపు మందగించిన ఆమెకు రాత్రిపూట కీర్తనలు చదివి వినిపించేది కూడా వాడే. ఊళ్ళో ఎవరో, "దేవుణ్ణి విడిచినవాడు దేనికైనా తెగిస్తాడు" అన్నారట. అది వాడి చెవిన పడింది. "మామయ్యా, నేను నమ్మకపోతే అమ్మమ్మకు చేసేది మంచిపని కాకుండా పోతుందా?" అని అడిగాడు. నేను సంఘ పెద్దను. ఏండ్ల తరబడి ఆదివారపు బడి చెప్పినవాడిని. నా నోట జవాబు రాలేదు.

కిందటి నెల పని మీద ఇద్దరం విజయవాడ వెళ్ళాం. పని ముగిశాక వాడు, "ఇక్కడ పటమటలో నాస్తిక కేంద్రం ఉందట, చూసిపోదాం" అన్నాడు. నా కాళ్ళు వెనక్కి లాగాయి. కాని వాడి ముఖం చూసి సరేనన్నాను.

బెంజి సర్కిల్ రద్దీకి దగ్గరలోనే ఉంది ఆ స్థలం. దానిని స్థాపించిన గోరా గారి పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. 1902లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. నాస్తికత్వం విడువనందుకు కాకినాడలోనూ, బందరులోనూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఈ కేంద్రాన్ని ప్రారంభించారు. 1947లో అది పటమటకు వచ్చింది. భార్య సరస్వతి గారు కడదాకా ఆయనకు తోడు. అంటరానితనం కరడుగట్టి ఉన్న ఆ దినాల్లో వారు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు.

నన్ను బాగా కదిలించినది వారి కుమార్తె పెళ్ళి. దళిత కుటుంబపు యువకునితో ఆ వివాహం నిశ్చయమైంది. సేవాగ్రామంలో తన సమక్షంలోనే జరిపిస్తానని గాంధీగారు ఒప్పుకున్నారు. నాస్తికుల ఇంటి పెళ్ళి గనుక ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు ఉంచడానికి కూడా అంగీకరించారు. ప్రార్థన లేనిదే దినం గడవని మనిషి ఆయన! 1948 జనవరి 30న ఆయన హతులయ్యారు. పెళ్ళి మాత్రం ఆ ఏడాదే సేవాగ్రామంలో అనుకున్నట్టే జరిగింది.

అక్కడ నిలబడి నేను మా సంఘాన్ని తలచుకున్నాను. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, ఒకే పాత్రలోది త్రాగి, సంబంధాల మాట వచ్చేసరికి "వారేమిట్లు?" అని అడిగేది మనం కాదా? మా సొంత ఇంట్లోనే ఒక సంబంధం ఆ మాట మీద తప్పిపోయింది. వద్దన్నవారిలో నేనూ ఉన్నాను.

మాది చీరాల దగ్గరి పల్లె. మరునాడు పాసింజరు రైల్లో తిరిగి వస్తూ, బాపట్ల దాటాక స్టూవర్టుపురంలో దిగాం. ఈసారి పిలిచింది నేనే. ఈ ఊరి పేరు చెప్తే ఒకప్పుడు మా వైపు పిల్లలు ఏడుపు మానేవారు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం ఒక చట్టం చేసి కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులన్నది. కడుపులోని బిడ్డకు కూడా దొంగ అనే ముద్ర! అలా ముద్రపడిన ఎరుకల కుటుంబాలను గత శతాబ్దం తొలి దశకాల్లో ఇక్కడ స్థిరపరచి, ఆ బాధ్యతను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. దైవసేవకులు వచ్చి బడి పెట్టారు, పని నేర్పారు, వాక్యం చెప్పారు. అయితే పోలీసు హాజరు, కట్టుబాట్లు కూడా ఆ ఊరిలో భాగమే. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం చెరగలేదు.

1970ల దశకంలో ఇక్కడివారి సంస్కరణకు పూనుకొని వచ్చినవారు గోరా గారి కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినందుకు ఆయనకు ఆ పేరు. హేమలత గారు మన మహాకవి గుర్రం జాషువా కుమార్తె. "క్రీస్తు చరిత్ర" వ్రాసిన కవి బిడ్డ నాస్తికుల ఇంటి కోడలై, సువార్తికులు నడిచిన ఊరికే సేవకు వచ్చింది. నా మేనల్లుడు అన్నాడు: "చూడు మామయ్యా, ప్రార్థన చేసేవాళ్ళూ వచ్చారు, చేయనివాళ్ళూ వచ్చారు. ఇద్దరూ కూర్చున్నది ఆ గుడిసెల్లోనే గదా."

నిజమే. ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల కథ నాకు గుర్తొచ్చింది. తోటకు వెళ్ళనని చెప్పి తరువాత మనస్సు మార్చుకొని వెళ్ళినవాడు ఒకడు, వెళ్తానని చెప్పి వెళ్ళనివాడు ఒకడు. ధర్మశాస్త్రం ఎరుగనివారి హృదయాల్లో కూడా దాని సారం వ్రాయబడి ఉన్నదని పౌలు రోమీయులకు వ్రాశాడు. మంచితనం నమ్మినవారి సొత్తు మాత్రమేనని మన గ్రంథమే చెప్పలేదు. వాడి ప్రశ్నకు జవాబు నాకప్పుడు దొరికింది. "నువ్వు అమ్మమ్మకు చేసేది మంచిపనేరా. అందులో సందేహం లేదు" అన్నాను.

స్టేషను బల్ల మీద రైలు కోసం కూర్చున్నప్పుడు వాడు, "మరి ప్రార్థన?" అన్నాడు. నేను ఆలోచించి చెప్పాను. "మంచి చేయడానికి మంచి మనసు చాలు. తీర్మానం చేసుకోవడానికి మౌనం చాలు. ప్రార్థన అలా కాదు. అది ఒకరితో మాట్లాడటం. వినేవాడు లేడనుకుంటే అది మనతో మనం చెప్పుకొనే మాటే. అమ్మను మనకిచ్చినందుకు కృతజ్ఞత ఎవరికి చెప్తాం? ఆమెకు చేయలేకపోయిన దానికి క్షమాపణ ఎవరిని అడుగుతాం? నాకు ఆయన కావాలిరా."

వాడు చాలాసేపటికి, "నాకు కోపం మామయ్యా. లేనివాడి మీద ఇంత కోపం ఎందుకొస్తుందో నాకే తెలియదు" అన్నాడు. "చూశావా!" అందామని నాలుక చివరిదాకా వచ్చింది. తల్లిలేని బిడ్డ దుఃఖంలో అన్న మాటను పట్టుకొని వాదన గెలవడానికి సిగ్గనిపించింది. "ఆ కోపం ఆయనకే చెప్పు. యోబు చెప్పలేదా?" అని మాత్రం అన్నాను. వాడు అవుననలేదు, కాదనలేదు.

ఇల్లు చేరేసరికి చీకటిపడింది. మా అమ్మ మేలుకొనే ఉంది. వాడు కాళ్ళు కడుక్కొని వచ్చి, ఆమెకు అన్నం తినిపించి, బైబిలు తెరిచాడు. నమ్మకుండా చదువుతున్నాడే అని ఇన్నాళ్ళూ నేను కుమిలేవాణ్ణి. ఆ రాత్రి అలా అనిపించలేదు. చదవడం అయ్యాక మా అమ్మ వణికే చేయి వాడి తల మీద పెట్టి, "ఆమేన్" అంది. వాడు తల తీసుకోలేదు.

ప్రియమైన పాఠకులారా, మీ ఇంట కూడా ఇలాంటి బిడ్డ ఉండవచ్చు. అతని మంచిని కాదనకండి. మన ప్రార్థనలు మన చేతులను ఎంత కదిలిస్తున్నాయో ముందు చూచుకొందాం. ఆ తరువాత అతని కొరకు ప్రార్థించడం మానకుందాం.