అప్పగించిన దళం

నిన్న రాత్రి నిద్ర పట్టక హార్లెమ్ హెల్‌ఫైటర్స్ గురించి చదువుతూ కూర్చున్నా. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా 369వ పదాతి దళం. సిపాయిలంతా నల్లవాళ్లు. వాళ్లతో కలిసి పోరాడడం తెల్ల సైనికులకు ఇష్టం లేదని సొంత సైన్యమే ఈ దళాన్ని ఫ్రెంచి సైన్యానికి అప్పగించేసింది. మనింట్లో అక్కర్లేని సామాను పక్కింటికి పంపేసినట్టు! ఫ్రెంచి హెల్మెట్లు పెట్టుకుని, ఫ్రెంచి తుపాకులు పట్టుకుని 191 రోజులు యుద్ధరంగంలో ఉన్నారు.

వాళ్లలో హెన్రీ జాన్సన్ అని ఒకాయన. ఆల్బనీ రైల్వేస్టేషన్లో కూలీ. 1918 మేలో ఒక రాత్రి జర్మన్ల గుంపు మీద పడితే, తూటాలు అయిపోయాక తుపాకీ మడమతో, ఆ తర్వాత కత్తితో కొట్లాడి, గాయపడిన తోటి సిపాయిని శత్రువు చేతికి చిక్కకుండా కాపాడాడు. ఒంటి మీద 21 గాయాలు. ఫ్రాన్స్ అప్పుడే క్రా ద గేర్ పతకం ఇచ్చింది.

మరి సొంత దేశం? ఆయన 1929లోనే పోయాడు. యుద్ధంలో గాయపడ్డవాళ్లకిచ్చే పర్పుల్ హార్ట్ 1996లో ఇచ్చారు. అంటే, ఆయనకు దెబ్బలు తగిలాయని ఒప్పుకోవడానికే 78 ఏళ్లు! అత్యున్నత పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చేసరికి 2015. మన పింఛను ఫైళ్లే నయం అనిపించింది.

మొత్తం దళానికి కాంగ్రెస్ బంగారు పతకం ఇవ్వాలన్న చట్టం మీద సంతకం పడింది 2021 ఆగస్టులో. అప్పటికి ఆ యుద్ధం చేసిన అమెరికన్ సైనికుల్లో ఒక్కరూ బతికి లేరు.