హ్యాకర్ల తిరునాళ్ళకు వెళ్ళదలచినవారికి

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, ఎడారి నడుమ వెలసిన జూదనగరం లాస్ వేగాస్. అక్కడ ఏటా ఆగస్టు మాసంలో డెఫ్ కాన్ అనే సమావేశం నాలుగు రోజులపాటు జరుగుతుంది. కంప్యూటర్లలోకి చొరబడే విద్యను అభ్యసించేవారు, ఆ చొరబాటును అరికట్టే వృత్తిలో ఉన్నవారు, ఉభయులపైనా ఒక కన్ను వేసి ఉంచే ప్రభుత్వాధికారులు ఒకే కప్పు క్రింద కలిసే తిరునాళ్ళు అది. జెఫ్ మాస్ అనే యువకుడు 1993లో సుమారు వందమందితో దీనిని ప్రారంభించాడు. నేను ఉద్యోగంలో చేరినదీ ఆ సంవత్సరమే. ఆనాడు సబ్‌స్టేషనులో బ్రేకరు వేయాలన్నా తీయాలన్నా టెలిఫోనులో ఆదేశం వచ్చేది, లాగ్‌బుక్కులో నమోదయ్యేది, మనిషి వెళ్ళి మీట త్రిప్పేవాడు. నేడు ఆ పనిని ఎన్నో మైళ్ళ దూరాన ఉన్న కంప్యూటరు చేస్తున్నది. ఆ కంప్యూటరుకు ఆదేశమిచ్చేది మనవాడేనా అన్న సందేహమే నన్ను 2024 ఆగస్టులో, స్వంత ఖర్చుతో, అంత దూరం నడిపించింది. మన విభాగంలోని యువ ఇంజనీర్లు కొందరు తామూ వెళ్ళదలచి వివరాలు అడుగుతున్నందున ఈ వ్యాసం.

మొదట అనుమతి సంగతి. మన వంటి సంస్థల ఉద్యోగులు విదేశయానానికి నిరభ్యంతర పత్రం పొందవలసి ఉంటుంది. దరఖాస్తులో ‘హ్యాకర్ల సమావేశం’ అన్న మాట కనబడితే ఆ కాగితం ఎన్ని బల్లలు తిరిగి, ఎన్ని ప్రశ్నలు మోసుకొని వెనుకకు వస్తుందో అనుభవజ్ఞులకు చెప్పనక్కరలేదు. ‘కంప్యూటరు భద్రతా సదస్సు’ అని వ్రాసి, ప్రక్కనే సమావేశం పేరు, తేదీలు, స్థలం స్పష్టంగా ఇవ్వండి. అందులో అసత్యమూ లేదు, దాపరికమూ లేదు. వీసా అధికారి అడిగినప్పుడూ అదే సమాధానం.

ఇక సామాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఎట్టి పరిస్థితిలోనూ తీసికొని వెళ్ళకండి. ఆఫీసు ఈ-మెయిల్ ఉన్న ఫోను కూడా వద్దు. పాత ఫోను ఒకదానిని పూర్తిగా చెరిపి, తాజా సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అవసరమైన నాలుగు నంబర్లు మాత్రమే అందులో ఉంచండి. సమావేశ ప్రాంగణంలో వైఫై, బ్లూటూత్ రెండూ ఆపివేయండి. ఎవరో అమర్చిన ఛార్జింగు తీగకు మీ ఫోనును తగిలించకండి. బ్యాంకు లావాదేవీలు ఇంటికి వచ్చిన తరువాత చూసుకోవచ్చు. ఇది అతిజాగ్రత్త అని నవ్వేవారు అక్కడి ‘గొర్రెల గోడ’ను చూడాలి. రక్షణ లేకుండా నెట్‌వర్కులో ప్రయాణించిన పాస్‌వర్డులను పట్టి, కొన్ని అక్షరాలు మరుగుపరచి, అందరికీ కనబడేలా పెద్ద తెరపై ప్రదర్శిస్తారు. మందలో ఒకడిగా నడిచినవాడికి అక్కడ లభించే గౌరవం అది. నేను కాగితపు నోటు పుస్తకం, రెండు కలములు పట్టుకొని వెళ్ళాను. వాటిలోకి ఎవరూ చొరబడలేదు.

మన గడియారానికీ వారి గడియారానికీ ఆగస్టులో పన్నెండున్నర గంటల తేడా. అందుచేత రెండు రోజులు ముందుగా చేరుకోవడం మేలు. రామగుండం, కొత్తగూడెం ఎండలలో ఉద్యోగం చేసినవారికి లాస్ వేగాస్ ఎండ భయం కలిగించదు, కాని మోసగిస్తుంది. 2024 జులైలో అక్కడ ఉష్ణోగ్రత దాదాపు 49 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. గాలిలో తేమ లేనందున చెమట పట్టినట్లే తెలియదు, శరీరంలోని నీరు మాత్రం తరిగిపోతుంది. సీసా ఎప్పుడూ చేతిలో ఉండాలి. హోటలు గది అద్దె చౌకగా కనబడినా, ‘రిసార్టు ఫీజు’ పేరిట రోజుకింత అదనంగా కలుపుతారు. లెక్క ముందే వేసుకోండి. 2017 తరువాత అక్కడి పెద్ద హోటళ్ళలో సిబ్బంది గదులను తనిఖీ చేయడం కూడా మామూలైనది కనుక పాస్‌పోర్టును, నోటు పుస్తకాన్ని గదిలో వదలకండి. ఆ సమావేశానికి తరతరాలుగా వస్తున్నవారు 3-2-1 అని ఒక సూత్రం చెబుతారు: రోజుకు కనీసం మూడు గంటల నిద్ర, రెండు పూటల భోజనం, ఒక స్నానం. మూడవ అంశాన్ని సూత్రంగా వ్రాయవలసి వచ్చిందంటేనే పరిస్థితి ఊహించుకోవచ్చు.

ప్రవేశద్వారం వద్ద డబ్బు నగదుగానే చెల్లించాలి. పేరు అడుగరు. (కొన్నేళ్ళుగా ముందుగా ఆన్‌లైన్‌లో కొనే వీలు కూడా కల్పించారు.) క్యూ గంటల తరబడి సాగుతుంది, అయినా విసుగు పుట్టదు, ముందువాడితో, వెనుకవాడితో పరిచయాలు అక్కడే మొదలవుతాయి. ఆ ఏడు ఇచ్చిన బ్యాడ్జి ఒక చిన్న ఆట యంత్రం, అందులో రాస్ప్‌బెర్రీ పై సంస్థ అప్పుడే విడుదల చేసిన చిప్. ముప్ఫై ఏళ్ళుగా పేరు, హోదా, ఉద్యోగ సంఖ్య గల కార్డు మెడలో వేసుకొని తిరిగిన నాకు, పేరే లేని బ్యాడ్జి వేసుకోవడం వింతగా తోచింది. పాల్గొనేవారిని అక్కడ ‘హ్యూమన్’ అంటారు, అంతే. అనుమతి లేకుండా ఎవరి ఫోటో తీసినా ఊరుకోరు. నిర్వాహక స్వచ్ఛంద సేవకులను ‘గూన్లు’ అంటారు. పేరు మొరటుగా ఉన్నా దారి అడిగితే ఓపికగా చెబుతారు.

ఉపన్యాసాల కోసం హాళ్ళ చుట్టూ పరుగెత్తకండి. వాటిలో అధిక భాగం తరువాత ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతుంది. దొరకనివి ‘విలేజ్’ అని పిలిచే విభాగాలు. తాళాలు తీయడానికొకటి, కార్లకొకటి, ఓటింగు యంత్రాలకొకటి. మన వంటివారు వెళ్ళవలసినది పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల విలేజ్. బల్లలపై మనకు చిరపరిచితమైన కంట్రోలర్లే అమర్చి ఉంటాయి. మోడ్‌బస్ మనమందరం నేర్చిన భాష; 1979లో పుట్టింది. అది పుట్టిననాడు దానిలో ‘నీవెవరు?’ అని అడిగే ఏర్పాటు లేదు, ఎందుకంటే ఆ తీగ ఫ్యాక్టరీ గోడ దాటి పోయేది కాదు. ఇరవై ఏళ్ళు నిండని ఒక విద్యార్థిని నా కళ్ళ ఎదుట ఒక్క ఆదేశం పంపింది; నమూనా బోర్డుపై రిలే టక్కున పడింది. పాస్‌వర్డు అడగలేదు. ఆ శబ్దం నాకెంత పరిచితమో!

ఇది ఆట కాదనడానికి 2015 డిసెంబరు 23న పశ్చిమ ఉక్రెయిన్‌లో జరిగినది చాలు. ఆపరేటరు చూస్తుండగానే తెరపై బాణపు గుర్తు తనంతట తాను కదిలి బ్రేకర్లను తెరిచింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు విద్యుత్తు నిలిచిపోయింది. మొదటి తలుపు కొన్ని మాసాల ముందు ఉద్యోగులకు వచ్చిన ఈ-మెయిల్ జతపత్రం ద్వారా తెరుచుకొన్నది. చివరకు సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి, చేతితో బ్రేకర్లు వేసి సరఫరాను పునరుద్ధరించారు. చేతితో వేయడం వారికి ఇంకా గుర్తున్నది కనుక గంటలలో తేరుకొన్నారు. మన క్రొత్త కేంద్రాలలో ఎందరికి గుర్తున్నదని విలేజ్‌లో నిలబడే ఆలోచించాను.

అయితే నన్ను ఎక్కువ కలవరపెట్టినది యంత్రం కాదు, ఒక గాజు గది. శబ్దం బయటకు పోని ఆ గదిలో పోటీదారు కూర్చొని, వందలమంది ప్రేక్షకులు వింటుండగా, నిజమైన కంపెనీలకు ఫోను చేస్తాడు. తాను ఫలానా విభాగం వాడినని నమ్మించి, మీ కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నది, క్యాంటీను ఎవరు నడుపుతారు, కాపలా ఏ సంస్థది అని ఒక్కొక్కటే రాబడతాడు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, సహాయం చేస్తున్నానన్న తృప్తితో, అన్నీ చెబుతాడు. ‘హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాను’ అన్న మాటకు మన కంట్రోలు రూములో ఎంత విలువో తలచుకొంటే నాకు ఆ ఏసీ హాలులో కూడా చెమట పట్టింది. మన ఆపరేటరు ఆ గొంతును ఎదురుప్రశ్న వేయడు. వేయడం అవిధేయత అని మనమే నేర్పాము.

అందుచేత అక్కడ ఉన్నన్నాళ్ళూ నోటిని అదుపులో ఉంచుకోండి. ‘విద్యుత్ రంగంలో ఇంజనీరును’ అంటే చాలు. ఏ కేంద్రం, ఏ కంపెనీ పరికరం, ఏ సంవత్సరపు మోడలు అన్న వివరాలు కాఫీ త్రాగుతూ కూడా జారనీయకండి. అడిగేవాడు చెడ్డవాడు కానవసరం లేదు. ప్రక్క బల్ల వద్ద వినేవాడెవరో మనకు తెలియదు. ప్రభుత్వ ఏజెంట్లను గుర్తుపట్టే ఆట అక్కడ తొలి సంవత్సరాలలోనే పుట్టింది. నిటారుగా నిలబడి, చొక్కా ఇస్త్రీ చేసుకొని వచ్చిన నన్ను చూసి ఒక కుర్రవాడు అదే అనుమానం వెలిబుచ్చాడు.

తిరిగి వచ్చిన వెంటనే, ఆఫీసు నెట్‌వర్కుకు దేనినీ తగిలించకముందే, ఆ ఫోనును మరల పూర్తిగా చెరిపివేసి, వాడిన పాస్‌వర్డులన్నీ మార్చండి. బహుమతిగా వచ్చిన పెన్‌డ్రైవులు చెత్తబుట్టకే.

అంత ఖర్చు భరించలేనివారికి దగ్గరలోనే మార్గమున్నది. గోవాలో 2010లో మొదలైన నల్‌కాన్, కేరళ పోలీసుల సహకారంతో జరిగే కొకోన్ ఇదే కోవకు చెందినవి. రైలులో వెళ్ళి రావచ్చు, వీసా అక్కరలేదు, భోజనానికీ ఇబ్బంది లేదు. సెలవు చీటీలో ఏమి వ్రాయాలో మాత్రం పైన చెప్పినదే.