చెట్టు నాదే... లెక్క మాత్రం ఊరిది!

సొంత డబ్బుతో కొన్న స్థలం. అందులో దానంతట అదే పెరిగిన చెట్టు. అడ్డంగా ఉందని కొట్టేస్తే తప్పా? తప్పే అంది అమెరికాలోని ఓ ఊరు. ‘అయితే ఎంత తప్పో లెక్క చూపించండి’ అన్నాడు స్థలం యజమాని. 159 చెట్లకోసం మొదలైన ఆ తగాదా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. ఆ ఊరిపేరు కాంటన్. మిషిగన్ రాష్ట్రంలో మనవాళ్లకు బాగా తెలిసిన ఊరే!

డెట్రాయిట్ విమానాశ్రయంలో దిగి కారెక్కితే ఇరవై నిమిషాల్లోపే కాంటన్ వచ్చేస్తుంది. ఒకవైపు కార్ల రాజధాని డెట్రాయిట్, మరోవైపు విశ్వవిద్యాలయ పట్టణం యాన్ ఆర్బర్... ఆ రెంటికీ నడుమ చదునైన నేలమీద పరుచుకున్న ఊరిది. ఫోర్డ్ రోడ్డు పొడవునా దుకాణాలూ హోటళ్లే. అక్కణ్నుంచి పక్కకు తిరిగితే మాత్రం దృశ్యం మారిపోతుంది. వంకర్లు తిరిగిన వీధులు, ఇళ్లముందు పచ్చిక, వాటి వెనకాల మేపుల్, ఓక్ చెట్లు. అక్టోబరులో వెళ్తే ఆ చెట్లను చూడటానికి రెండు కళ్లూ చాలవు. పసుపు, నారింజ, ఎరుపు... ఊరు ఊరంతా పసుపూ కుంకుమా చల్లినట్లుంటుంది.

చెర్రీ హిల్ రోడ్డులో హిందూ దేవాలయం ఉంది. కార్ల కంపెనీల్లోనూ సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనూ పనిచేసే తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. 2025 జులైలో తానా మహాసభలు జరిగిన నోవై పట్టణం కూడా ఇక్కడికి దగ్గరే.

చైనా పేరు... మొక్కజొన్న ఊరు

పేరు చూసి ఇదేదో చైనా ఊరు అనుకుంటే పొరపాటే. కాకపోతే పేరు మాత్రం నిజంగానే చైనాది. 1829-1834 మధ్య మిషిగన్‌లో కొత్త టౌన్‌షిప్‌లు ఏర్పడినప్పుడు వాటికి పెకిన్, నాన్‌కిన్, కాంటన్ అంటూ చైనా నగరాల పేర్లు పెట్టారు. ఆ రెండింటి పేర్లూ తర్వాత మాయమయ్యాయి. కాంటన్ ఒక్కటే మిగిలింది.

చాలాకాలం ఇది పక్కా పల్లెటూరు. మొక్కజొన్న పొలాలకు పెట్టింది పేరు. 1970లో ఇక్కడి జనాభా 11 వేలు. 2020 నాటికి అది 98 వేలు దాటింది. యాభయ్యేళ్లలో పొలాలు పోయి ప్లాట్లు వచ్చాయి. మన శంషాబాద్ పక్కనో, మంగళగిరి దగ్గరో కళ్లముందు జరిగిందే అక్కడా జరిగింది. పేరుకు ‘చార్టర్ టౌన్‌షిప్’ అంటారుగానీ పన్నులు, పోలీసులు, ఇంటి ప్లాన్లకు అనుమతులు... అన్నీ మన మున్సిపాలిటీ లెక్కే.

ఊరు అలా పెరుగుతున్న రోజుల్లోనే మరో ఉపద్రవం వచ్చిపడింది. 2002లో ఈ ప్రాంతంలో యాష్ చెట్లు ఉన్నట్టుండి ఎండిపోసాగాయి. ఏమిటా అని చూస్తే బెరడుకింద ఓ పురుగు. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు, అరంగుళం పొడవు. పేరు ‘ఎమరాల్డ్ యాష్ బోరర్’. ఆసియానుంచి సరకులకు కట్టిన చెక్కల్లో దాక్కుని వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. దాని పిల్లపురుగులు బెరడు లోపల సొరంగాలు తవ్వి చెట్టుకు నీరూ ఆహారమూ అందకుండా చేస్తాయి. అమెరికాలో దాన్ని మొట్టమొదట గుర్తించింది ఈ కాంటన్ పరిసరాల్లోనే! తర్వాత అది ఎన్నో రాష్ట్రాలకు పాకి కోట్లకొద్దీ చెట్లను పొట్టన పెట్టుకుంది. వీధికి రెండు వరుసలా నీడనిచ్చిన చెట్లు మోడులైపోతే ఎలా ఉంటుందో ఈ ఊరివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆరంగుళాలు దాటితే...

2006లో కాంటన్ పాలకవర్గం ఓ నిబంధన తెచ్చింది. దాని ప్రకారం- నేలనుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కొలిచినప్పుడు మాను అడ్డుకొలత ఆరంగుళాలో అంతకన్నా ఎక్కువో ఉంటే అనుమతి లేకుండా దాన్ని నరకకూడదు. స్థలం ఎవరిదన్నదానితో నిమిత్తం లేదు. 24 అంగుళాలుండే పెద్ద చెట్టయితే దానికి ‘ల్యాండ్‌మార్క్’ హోదా. అలాంటిదాన్ని ఒకటి కొడితే మూడు నాటాలి. నాటే చోటు లేదంటారా... అంతకు సరిపడా సొమ్ము ఊరి చెట్ల నిధికి కట్టాలి. ఆ డబ్బుతో టౌన్‌షిప్ మరోచోట నాటిస్తుంది.

చెట్లుంటే వాననీరు నిలుస్తుంది, గాలి శుభ్రపడుతుంది, రోడ్డు రొద తగ్గుతుంది, ఊరికి అందం వస్తుంది. ఆ లాభం స్థలం యజమానికే కాదు ఊరందరికీ దక్కుతుంది. అందుకే నరికేముందు ఊరిని అడగాలన్నది అధికారుల వాదన.

మామూలు ఇంటివాళ్లకు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. రెండెకరాలలోపు స్థలంలో ఇల్లు కట్టుకుని ఉంటున్నవారికి మినహాయింపు ఉంది. వ్యవసాయానికీ నర్సరీలకూ కూడా ఉంది. చిక్కంతా పెద్ద ఖాళీ స్థలాలున్నవాళ్లకే. అక్కడే మొదలైంది గొడవ.

కాలువలో మొదలై కోర్టులో తేలి...

ఎఫ్.పి.డెవలప్‌మెంట్ అనే సంస్థకు కాంటన్‌లో కొంత స్థలం ఉంది. దాని మధ్యనుంచి కౌంటీవారి మురుగునీటి కాలువ పోతుంది. పడిపోయిన చెట్లూ చెత్తా పేరుకుని అది పూడిపోయింది. కౌంటీవాళ్లు దాన్ని బాగుచేయలేదు. దాంతో యజమాని ఓ కలప కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. కాలువా శుభ్రమైంది, స్థలంలో చెట్లూ పోయాయి. అనుమతి మాత్రం తీసుకోలేదు.

సంగతి తెలిసి టౌన్‌షిప్ సిబ్బంది వచ్చారు. మొదళ్లు లెక్కపెట్టారు. మొత్తం 159. అందులో 14 ల్యాండ్‌మార్క్ చెట్లు! వాటికి మూడేసి చొప్పున 42, మిగిలిన 145కి ఒక్కొక్కటి... వెరసి 187 మొక్కలు నాటాలి. లేదంటే చెట్ల నిధికి దాదాపు 48 వేల డాలర్లు కట్టాలి.

యజమాని కట్టలేదు. 2018లో ఫెడరల్ కోర్టుకెక్కాడు. ‘స్థలం నాది, చెట్లు నావి. పరిహారం ఇవ్వకుండా ప్రైవేటు ఆస్తిని ప్రభుత్వం తీసుకోకూడదని రాజ్యాంగం చెబుతోంది. నా చెట్టును నేను తీసేసినందుకు నేనే ఎదురు డబ్బు కట్టడమేమిటి’ అన్నది అతని ప్రశ్న.

దాదాపు అదే సమయంలో పక్కస్థలం యజమానులకూ ఇదే సమస్య ఎదురైంది. వాళ్లు పదహారెకరాల్లో చెట్లు తీయించారు. టౌన్‌షిప్ లెక్క ప్రకారం పోయినవి దాదాపు పదిహేను వందలు, అడిగిన సొమ్ము సుమారు 4.5 లక్షల డాలర్లు! వాళ్లేం చేశారో తెలుసా... ఆ స్థలంలో వెయ్యి నార్వే స్ప్రూస్ మొక్కలు నాటారు. ‘మాది క్రిస్మస్ చెట్ల తోట. అంటే వ్యవసాయం. వ్యవసాయానికి మినహాయింపు ఉందిగా’ అన్నారు! చెట్లు కొట్టేశారని ఊరు కోప్పడితే చెట్లనే అడ్డుపెట్టుకున్నారన్నమాట.

గెలిచింది ఎవరు?

2020లో జిల్లా కోర్టు, 2021 అక్టోబరులో అప్పీళ్ల కోర్టు... రెండూ ఎఫ్.పి.డెవలప్‌మెంట్ పక్షానే తీర్పిచ్చాయి. అలాగని చెట్లను ఇష్టంవచ్చినట్లు నరుక్కోవచ్చని మాత్రం అనలేదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

అమెరికా సుప్రీంకోర్టు 1994లో ఓ తీర్పు చెప్పింది. ఆరెగాన్ రాష్ట్రంలోని టైగార్డ్ పట్టణంలో ఓ దుకాణం యజమానురాలు కొట్టు పెద్దది చేసుకుంటానంటే, వరదనీటికీ సైకిల్ బాటకూ కొంత స్థలం వదిలితేనే అనుమతి ఇస్తామన్నారు అక్కడి అధికారులు. ఆమె కోర్టుకెళ్లి గెలిచింది. అనుమతికి షరతు పెట్టొచ్చు... కానీ ఆ పనివల్ల జరిగే నష్టానికీ, అడిగే దానికీ పొంతన ఉండాలి, ఆ పొంతనను ప్రతి స్థలానికీ విడివిడిగా చూపించాలన్నది ఆ తీర్పు సారాంశం.

కాంటన్ ఓడిపోయింది సరిగ్గా ఆ పరీక్షలోనే. ఊరి చెట్లను కాపాడుకోవాలన్న ఆశయాన్ని న్యాయమూర్తులు తప్పుపట్టలేదు. కానీ ‘ఈ స్థలంలో ఈ చెట్లు పోవడంవల్ల ఇంత నష్టం’ అని టౌన్‌షిప్ విడిగా లెక్కకట్టలేదు. ఒకటికి ఒకటి, పెద్దదానికి మూడు అని అందరికీ ఒకటే పట్టిక పెట్టుకుంది. అది చాలదంది కోర్టు. నిబంధన మొత్తాన్ని కొట్టేయలేదు, ఈ యజమానికి వర్తింపజేసిన తీరే చెల్లదని చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట స్పష్టం చేసింది. షరతు అధికారి సొంతంగా పెట్టినదైనా, చట్టసభ అందరికీ కలిపి పెట్టినదైనా పరీక్ష తప్పదని. దాంతో చెట్ల పట్టికలు రాసుకున్న ఊళ్లన్నీ వాటిని మరోసారి తిరగేసి చూసుకోవాల్సిన పరిస్థితి వచ్చింది.

మన పెరట్లో వేపచెట్టు సంగతి?

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అనుకుంటున్నారా? మనకూ ఉంది చట్టం. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ‘వాల్టా’ పేరులోనే నీరు, భూమితోపాటు చెట్టూ ఉంది. పట్టా భూమిలోనిదైనా సరే, చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. బదులుగా మొక్కలు నాటాలి. రాష్ట్రం రెండయినా చట్టం రెండుచోట్లా కొనసాగింది. అపార్ట్‌మెంటుకు పునాది తీసేముందు ప్రహరీ పక్కనున్న వేపచెట్టును కొట్టేస్తూ ఆ చట్టాన్ని గుర్తుచేసుకునేవాళ్లు ఎందరన్నది వేరే ప్రశ్న.

యజమాని బాధా కొట్టిపారేసేది కాదు. అప్పుచేసి కొన్న స్థలంలో చెట్టు వేళ్లు గోడను పగలగొడుతుంటే, కొమ్మలు కరెంటు తీగల మీద వాలుతుంటే, దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగమంటే ఎవరికైనా విసుగే. ఎదురింటాయన కోణంలో చూస్తే మరోలా ఉంటుంది. ఆయన ఇంటిమీద మధ్యాహ్నం పడే నీడ ఆ చెట్టుదే. అది పోతే ఆయన ఏసీ బిల్లు పెరుగుతుంది. కానీ పత్రాల్లో ఆ నీడకు సర్వే నంబరు ఉండదు!

కాంటన్ కేసు చెప్పేదీ అదే. చెట్టు ఊరిదని ఊరికే అంటే చాలదు. ఏ చెట్టు ఎంత నీడనిస్తోంది, ఎంత నీటిని ఆపుతోంది, అది పోతే ఎవరికి ఎంత నష్టం... అధికారులు అక్కడికెళ్లి కొలవాలి. ఆ కొలత చేతిలో ఉన్నప్పుడు యజమాని కాదనలేడు. లేనప్పుడు ఎంత మంచి ఆశయమైనా కోర్టులో నిలబడదు.

కాంటన్‌లో ఏటా అక్టోబరు వస్తుంది. మిగిలిన మేపుల్ చెట్లు మళ్లీ ఎర్రబడతాయి. ఆకు రాలి పక్కింటి పచ్చికలో పడినప్పుడు అది ఎవరి చెట్టుదని ఎవరూ అడగరు. మాను మీద గొడ్డలి పడ్డప్పుడే ఆ ప్రశ్న వస్తుంది!